వెనుక నిలబడిన మనిషికి అబద్ధం చెప్పని దీపం

(కార్మిక విద్యా తరగతిలో రోడ్డు వాహనాల సిబ్బందిని ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



వేతనాలు, పింఛను, పదోన్నతులు వంటి పెద్ద విషయాలపై పెద్దలు మీకు చెప్పి ఉన్నారు. నాకు అప్పగించిన విషయం చూడటానికి చిన్నది. పికప్ వాహనానికి వెనుక భాగాన అదనపు రివర్సు దీపాలను ఏ విధంగా అమర్చవలెను, వాటికి వైరింగు ఏ విధంగా చేయవలెను అన్నదే ఆ విషయం. ఇది మెకానిక్కుల పని కదా, సంఘం తరగతిలో దీనికి చోటెందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఒక సంఘటన చెప్పి ఆ ప్రశ్నకు సమాధానం చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం, ఒక శీతాకాలపు రాత్రి. తపాలా సంచీలు దింపే ఒక ప్రాంగణం. అందులో ఉన్న దీపాలలో సగం చాలా రోజులుగా వెలగడం లేదు. సంచీలు ఎక్కించుకునే పికప్ వాహనానికి ఆ చీకటి బాధ పడలేక ఎవరో వెనుక రెండు హాలోజన్ దీపాలు బిగించారు. వాటి స్విచ్ డ్రైవరు ముందు పలక మీద ఉన్నది. సాయంత్రం నుండి ఆ వెలుగులోనే మనవారు సంచీలు లెక్కపెట్టారు, చీటీలు చదివారు, మూతులు కట్టారు. రెండు గంటల పాటు ఆ తెల్లని వెలుగు వారికి పని వెలుగుగానే ఉన్నది. తర్వాత డ్రైవరు రివర్సు గేరు వేశాడు. వెనుక ఉన్నవారికి క్రొత్తగా కనిపించినదేమీ లేదు. వెలుగు అంతకు ముందు ఎట్లా ఉన్నదో అట్లాగే ఉన్నది. వంగి ఒక సంచీ మీది చీటీ చదువుతున్న సోదరుని ఎడమ పాదం మీదుగా చక్రం వెళ్ళింది. ఆయన రెండు కాలివేళ్ళు కోల్పోయారు.

విచారణలో మూడు ప్రశ్నలు వేశారు. దీపాలకు అనుమతి ఎవరిచ్చారు? ఎవరు బిగించారు? వాహనం ఎవరు నడిపారు? ప్రాంగణం ఎందుకు చీకటిగా ఉన్నదని ఎవరూ అడగలేదు. డ్రైవరుకు ఛార్జిషీటు వచ్చింది. ఆ దీపాలను విప్పే పని నాకు వచ్చింది. విప్పి చూస్తే ఫ్యూజు లేదు, రిలే లేదు, గృహాలలో గంటకు వాడే తీగ వంటి సన్నని తీగ, మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు. అయితే ఆ రాత్రి ప్రమాదానికి కారణం ఆ సన్నని తీగ కాదు. ఆ దీపం అబద్ధం చెప్పడమే కారణం. నేను ఈ రోజు చెప్పదలచినది ఈ ఒక్క మాటే. మిగిలినదంతా దానికి వివరణ.

దీపం ఒక మాట

రైల్వేలో పనిచేసేవారికి ఈ మాట క్రొత్త కాదు. దీపం చూడటానికే కాదు, చెప్పటానికి కూడా అని మీకంటే బాగా తెలిసినవారు లేరు. ఎర్ర దీపం అందుబాటులో లేనప్పుడు తెల్ల చేతిదీపాన్ని శరీరానికి అడ్డంగా జోరుగా ఊపితే అది ఆగమన్న సంకేతమని రైల్వే సాధారణ నియమాలు చెబుతున్నాయి. అదే తెల్ల దీపం, అదే చేయి. ఊపిన తీరును బట్టి అర్థం మారుతుంది. రోడ్డు మీద వాహనం వెనుక ఎర్ర దీపం "నేను ఇక్కడ ఉన్నాను" అంటుంది. ఎర్ర వెలుగు ఎక్కువైతే "బ్రేకు వేశాను" అంటుంది. తెల్ల దీపం వెలిగితే "నేను వెనుకకు వస్తున్నాను, తప్పుకో" అంటుంది. ఈ మూడు మాటలు చదువు లేనివానికి కూడా అర్థమవుతాయి.

కేంద్ర మోటారు వాహన నియమాలు, 1989 లోని 108వ నియమం కూడా ఈ భాషనే కాపాడుతున్నది. వాహనం వెనుకకు ఎరుపు తప్ప మరొక రంగు వెలుగు చూపరాదని అది నిర్దేశిస్తున్నది. దానికి ఇచ్చిన మినహాయింపులలో నంబరు పలక దీపం ఒకటి, వెనుకకు నడిపే సమయంలో వెలిగే తెల్ల దీపం ఒకటి. వెనుకకు నడిపే సమయంలో అన్న మాటను గట్టిగా పట్టుకోండి. ముందుకు పోతూ వెనుకకు తెల్ల వెలుగు చూపితే వెనుక వచ్చే బస్సు డ్రైవరు కళ్ళు చెదురుతాయి. అంతకంటే పెద్ద నష్టం, ఆ తెల్ల వెలుగుకు అర్థం పోతుంది.

కావున మొదటి సూత్రం ఇది. అదనపు దీపం రివర్సు గేరు పడినప్పుడు మాత్రమే వెలగవలెను, గేరు తీసిన వెంటనే ఆరవలెను. ముందు పలక మీది స్విచ్ దానిని ఏ సమయంలోనూ వెలిగించలేకుండా ఉండవలెను. సంచీలు ఎక్కించటానికి వెలుగు కావలెనంటే వాహనం తొట్టె లోపలికి చూసే దీపం వేరుగా పెట్టుకోవలెను. రెండు పనులు ఒకే దీపానికి అప్పగించరాదు.

ఉన్న వైరుకే అతికిస్తే ఏమవుతుంది?

చాలామంది చేసే తప్పు ఇది. వెనుక రివర్సు బల్బుకు వచ్చే వైరును చీల్చి, క్రొత్త దీపాలను కూడా దానికే కలుపుతారు. గేరుతో వెలుగుతుంది, గేరుతో ఆరుతుంది, మొదటి సూత్రం నెరవేరింది కదా అంటారు. లెక్క వేసి చూద్దాం.

పికప్ వాహనాలలో సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. సాధారణ రివర్సు బల్బు 21 వాట్లు. రెండు బల్బులకు 42 వాట్లు. వాట్లను వోల్టులతో భాగిస్తే 3.5 ఆంపియర్లు. కంపెనీ వేసిన సన్నని తీగ, గేరుబాక్సు మీద ఉండే చిన్న రివర్సు స్విచ్, ఫ్యూజు, ఇవన్నీ ఆ కొద్దిపాటి భారానికి తగినట్లు పెట్టినవి. ఇప్పుడు 55 వాట్ల హాలోజన్ దీపాలు రెండు కలిపితే మరో 110 వాట్లు, అంటే సుమారు 9.2 ఆంపియర్లు. మొత్తం 12.7 ఆంపియర్లు. 10 ఆంపియర్ల ఫ్యూజు ఉంటే అది కాలిపోతుంది. కాలినప్పుడు క్రొత్త దీపాలతో పాటు పాత రివర్సు దీపాలు కూడా ఆరిపోతాయి. కొన్ని వాహనాలలో ఆ ఫ్యూజు మీదనే ముందు పలకలోని కొలమానాలు కూడా ఆధారపడి ఉంటాయి, అవి కూడా పోతాయి. తర్వాత ఎవరో ఒకరు 20 ఆంపియర్ల ఫ్యూజు పెడతారు. అప్పుడు ఫ్యూజుకు బదులు తీగ కాలుతుంది. ఫ్యూజు ఉన్నది దీపాన్ని కాపాడటానికి కాదు, తీగను కాపాడటానికి. తీగ మందాన్ని బట్టి ఫ్యూజు పెట్టవలెను గాని, ఫ్యూజు కాలుతున్నదని దానిని పెంచరాదు.

అందువలన రెండవ సూత్రం. పాత రివర్సు వైరు నుండి మనం తీసుకోవలసినది సమాచారం మాత్రమే, శక్తి కాదు. రివర్సు గేరు పడిందన్న కబురు అది ఇవ్వవలెను. దీపానికి కావలసిన కరెంటు బ్యాటరీ నుండి వేరే దారిన రావలెను. ఈ రెండింటి మధ్య నిలిచే పరికరమే రిలే.

రిలే

సిగ్నల్ శాఖ సోదరులకు రిలే గురించి నేను చెప్పడం తాతకు దగ్గు నేర్పడం వంటిది. 1872లో విలియం రాబిన్‌సన్ ట్రాక్ సర్క్యూట్ కనిపెట్టిన నాటి నుండి రైల్వే భద్రత రిలే మీద నడుస్తున్నది. పట్టాల గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు రిలేను పట్టి ఉంచుతుంది. రైలు వచ్చినా, పట్టా విరిగినా, బ్యాటరీ పోయినా రిలే వదిలేస్తుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. ఏది చెడినా భద్రత వైపుకే చెడవలెను అన్న నీతి అక్కడ ఉన్నది. మనం కూడా అదే నీతిని ఈ చిన్న పనిలో పాటిద్దాం.

వాహనాలకు వాడే చిన్న రిలేకు నాలుగు కాళ్ళు ఉంటాయి. వాటి మీద 30, 85, 86, 87 అని అంకెలు ఉంటాయి. 85, 86 మధ్య లోపల తీగచుట్ట ఉన్నది. దానికి కావలసిన కరెంటు ఆంపియరులో ఏడవ వంతుకు అటూఇటూ మాత్రమే. 30వ కాలికి బ్యాటరీ నుండి ఫ్యూజు గుండా వచ్చే వైరు. 87వ కాలి నుండి దీపాలకు పోయే వైరు. 86కు రివర్సు గేరు కబురు తెచ్చే సన్నని వైరు. 85కు ఎర్త్. గేరు పడగానే తీగచుట్ట లాగుతుంది, 30, 87 కలుస్తాయి, దీపాలు వెలుగుతాయి. పాత స్విచ్ మీద, పాత ఫ్యూజు మీద పడే అదనపు భారం లెక్కకు రానంత.

ఇక్కడ మూడు హెచ్చరికలు. మొదటిది, కొన్ని రిలేలకు 87ఎ అనే ఐదవ కాలు ఉంటుంది. రిలే విశ్రాంతిగా ఉన్నప్పుడు 30తో కలిసి ఉండేది అదే. పొరపాటున దీపాన్ని దానికి కలిపితే ముందుకు పోయినంతసేపు వెలిగి, రివర్సులో ఆరుతుంది. ఇంతకంటే పెద్ద అబద్ధం ఉండదు. రెండవది, రిలే వదిలినప్పుడు తీగచుట్టలో ఒక్కసారిగా ఎక్కువ వోల్టేజీ పుడుతుంది. నేటి వాహనాలలో ఎలక్ట్రానిక్ భాగాలు ఎక్కువ. కావున లోపల డయోడు గాని రెసిస్టరు గాని ఉన్న రిలేనే కొనండి. డయోడు ఉన్నదైతే 85, 86 తారుమారు కాకుండా దాని మీది బొమ్మ చూసి కలపండి. మూడవది, పెద్ద మెయిల్ లారీలకు 24 వోల్టులు ఉంటాయి. వాటికి రిలే, దీపాలు 24 వోల్టులవే కావలెను.

తీగ మందం లెక్క

రాగి తీగ ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉంటే మీటరు పొడవుకు సుమారు 0.017 ఓముల నిరోధం ఉంటుంది. బ్యాటరీ నుండి వెనుక దీపం దాకా 6 మీటర్లు అనుకుందాం. 0.75 చదరపు మిల్లీమీటర్ల తీగలో 9.2 ఆంపియర్లు పంపితే దారిలో సుమారు 1.25 వోల్టులు పోతాయి, అంటే పదవ వంతుకు కొంచెం ఎక్కువ. వెలుగులో కూడా పదవ వంతే పోతుందనుకోకండి. హాలోజన్ బల్బుకు వోల్టేజీ పదవ వంతు తగ్గితే వెలుగు సుమారు మూడవ వంతు తగ్గిపోతుంది. డబ్బిచ్చి కొన్న వెలుగు తీగలో వేడిగా పోయిందన్నమాట. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం 0.4 వోల్టుల లోపే. ఆ తీగకు 15 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది.

నేడు 18 వాట్ల ఎల్.ఇ.డి. దీపాలు దొరుకుతున్నాయి. రెండింటికి 36 వాట్లు, 3 ఆంపియర్లు మాత్రమే. వాటికి 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు. నా సలహా ఎల్.ఇ.డి. దీపాలే. అయితే భారం తక్కువ కదా అని రిలేను మానవద్దు. రిలే, వేరు ఫ్యూజు ఉన్నందువలననే క్రొత్త దీపాల దారి చెడినా పాత రివర్సు దీపాలు వెలుగుతూ ఉంటాయి. అది మూడవ సూత్రం: మనం చేర్చినది చెడితే, అంతకు ముందు ఉన్నది చెడరాదు.

పని క్రమం

ముందు వాహనాన్ని సమతలం మీద నిలిపి, చేతిబ్రేకు వేసి, చక్రాలకు ముందు వెనుక అడ్డు దిమ్మలు పెట్టండి. ఇంజను ఆపి ఉంచి, తాళం చెవి తిప్పి, రివర్సు గేరు వేసి, వెనుక దీపం దగ్గర మల్టీమీటరుతో రివర్సు వైరును వెతకండి. గేరు వేస్తే 12 వోల్టులు, తీస్తే సున్నా చూపేదే ఆ వైరు. బల్బు గుచ్చి చూసే పాత పద్ధతిని క్రొత్త వాహనాలలో మానండి. కొన్నింటిలో బల్బు పనితీరును కంప్యూటరు పెట్టె గమనిస్తుంది. అట్లాంటి వాహనంలో ఏ వైరును తాకవచ్చునో దాని వైరింగు పటం చూసిగాని పని మొదలుపెట్టరాదు.

వైరు దొరికిన తర్వాత తాళం చెవి తీసి, బ్యాటరీ నెగటివ్ కొనను విప్పండి. ఆ తర్వాతే పని. ఫ్యూజును బ్యాటరీకి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా, జానెడు దూరంలోపు పెట్టండి. ఫ్యూజుకు, బ్యాటరీకి మధ్య ఉన్న ముక్కకు రక్షణ లేదు, అందుకే అది పొట్టిగా ఉండవలెను. రిలేను బానెట్ క్రింద, నీరు చిమ్మని చోట, కాళ్ళు క్రిందికి ఉండేట్లు బిగించండి.

వైరును గొట్టంలో దూర్చి చాసిస్ వెంట, జానెడుకొక క్లిప్పుతో తీసుకుపోండి. సైలెన్సరు గొట్టానికి, తిరిగే ప్రొపెల్లర్ షాఫ్టుకు, బ్రేకు గొట్టాలకు, డీజిల్ గొట్టానికి దూరంగా ఉంచండి. ఇనుప రేకు గుండా పోయే ప్రతి చోట రబ్బరు బుష్ పెట్టండి. రేకు అంచు తీగను ఒక్క రోజులో కోయదు, వెయ్యి మైళ్ళు తిరిగాక కోస్తుంది. దీపం దగ్గర వైరును కొంచెం క్రిందికి వంచి పైకి తీయండి, వాన నీరు వంపు దగ్గరే కారిపోతుంది. అతుకులను మెలిపెట్టవద్దు. లగ్గు వేసి నొక్కి, దాని మీద వేడికి ముడుచుకునే గొట్టం తొడగండి.

ఎర్త్ గురించి ప్రత్యేకంగా చెప్పవలెను. వెనుక దీపాలకు వచ్చే ఫిర్యాదులలో ఎక్కువ భాగానికి కారణం ఎర్తే. రంగు మీద బోల్టు బిగిస్తే అది ఎర్త్ కాదు. రంగు గీకి, మెరిసే ఇనుము కనిపించాక, రింగు లగ్గు, పళ్ళ వాషరు వేసి బిగించి, పైన గ్రీజు పూయండి.

దీపం ఎక్కడ బిగించవలెను? మన పికప్ వాహనాలకు వెనుక తలుపు, డ్రైవర్లు డాలా అనేది, క్రిందికి తెరచుకుంటుంది. తెరచినప్పుడు అది వ్రేలాడి దాని వెనుక ఉన్న దీపాన్ని కప్పుతుంది. కావున డాలాను పూర్తిగా దింపి, దాని నీడ పడని చోటు చూసి బిగించండి. పాత దీపాలకు, నంబరు పలకకు అడ్డు రాకూడదు. వాహనం అంచును దాటి బయటకు పొడుచుకు రాకూడదు. వెలుగును నేల వైపు వంచండి. వెనుక నిలబడిన మనిషి కళ్ళలోకి కొట్టే దీపం వానిని హెచ్చరించదు, గుడ్డివానిని చేస్తుంది.

స్విచ్ ఎక్కడ?

డ్రైవరుకు స్విచ్ అసలే వద్దా అని అడుగుతారు. ఒక స్విచ్ ఉండవచ్చును. రివర్సు కబురు తెచ్చే సన్నని వైరుకు మధ్యలో, 86వ కాలికి ముందు దానిని పెట్టండి. అప్పుడు ఆ స్విచ్ అదనపు దీపాలను ఆర్పగలదు గాని, గేరు లేకుండా వెలిగించలేదు. నివాసాల మధ్య తెల్లవారుజామున వెనుకకు వచ్చేటప్పుడు అదనపు దీపాలను ఆర్పుకోవచ్చును, కంపెనీ ఇచ్చిన రివర్సు దీపాలు మాత్రం వెలుగుతూనే ఉంటాయి. మౌనంగా ఉండే స్వేచ్ఛ ఉన్నది, అబద్ధం చెప్పే స్వేచ్ఛ లేదు.

మరొక చిన్న ఏర్పాటు. రిలే లోపలి కాంటాక్టులు ఎప్పుడైనా వేడికి అతుక్కుపోతే, గేరు తీసినా దీపం ఆరదు. రైల్వే భాషలో చెప్పాలంటే ఇది రాంగ్ సైడ్ ఫెయిల్యూర్. దీనిని పట్టుకోవటానికి 87వ కాలి నుండి ఒక చిన్న సూచక దీపాన్ని డ్రైవరు ముందు పలక మీదకు తీసుకురండి. దాని సన్నని తీగకు వేరుగా 1 ఆంపియరు ఫ్యూజు పెట్టండి. ముందుకు పోతుండగా ఆ చుక్క వెలుగుతూ కనిపిస్తే, వాహనం వెనుక అబద్ధం వెలుగుతున్నదని అర్థం. ఆగి రిలేను పీకివేయండి.

పరీక్ష

పని ముగిసిందని చెప్పే ముందు ఈ పరీక్షలు చేయండి. తాళం చెవి తిప్పి ఒక్కొక్క గేరు వేసి చూడండి, రివర్సులో తప్ప వెలగరాదు. అదనపు దీపాల ఫ్యూజు పీకండి, పాత రివర్సు దీపాలు వెలుగుతూనే ఉండవలెను. రిలే పీకండి, అప్పుడు కూడా అంతే. బ్రేకు, ఇండికేటరు, హారను ఒకేసారి వాడి చూడండి. బ్రేకు వేస్తే తెల్ల దీపం మసకగా మెరిసిందంటే ఎర్త్ చెడ్డది. రిలే టకటకమని కొట్టుకుంటున్నదంటే 86కు వచ్చే వోల్టేజీ చాలడం లేదు. పది నిమిషాలు వెలిగించి వైరును, ఫ్యూజు పెట్టెను చేత్తో తాకండి, వేడి తగలరాదు. దీపం దగ్గర వోల్టేజీ బ్యాటరీ వోల్టేజీకి అర వోల్టు లోపు తేడాలో ఉండవలెను. చివరగా వెనుక భాగాన్ని నీటితో కడిగి మళ్ళీ పరీక్షించండి.

గేరుబాక్సు మీది రివర్సు స్విచ్ చెడితే పాతవి, క్రొత్తవి అన్నీ ఒకేసారి ఆరిపోతాయి. కనుక డ్యూటీ మొదట్లో ఒకసారి గేరు వేసి, దిగి వెనుకకు వెళ్ళి చూడటం తప్పనిసరి. అర నిమిషం పని.

ఎవరు చేయవలెను? ఎవరు చేయించవలెను?

ఇప్పుడు సంఘం మాట. ఇదంతా విని రేపు ఉదయం ప్రభుత్వ వాహనం మీద ఎవరూ స్క్రూడ్రైవరు పెట్టవద్దు. సొంత పికప్ ఉన్నవారు సైతం తయారీదారు ఇచ్చిన వారంటీని, బీమా షరతులను, మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షన్‌ను చూసుకొనిగాని చేయరాదు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని ఆ సెక్షన్ నియంత్రిస్తున్నది. శాఖ వాహనం విషయంలో అయితే వ్రాతపూర్వకమైన అనుమతి, వర్క్‌షాపు చేత పని, లాగు పుస్తకంలో నమోదు, ఈ మూడూ ఉండవలెను. నేను మొదట చెప్పిన డ్రైవరు చెడ్డవాడు కాడు. చీకటిలో తోటివారికి వెలుగివ్వాలనుకున్నవాడే. కాగితం లేకపోవడం వలన శాఖ చేయవలసిన పని చేయని తప్పు కూడా ఆయన నెత్తినే పడింది.

మరి అనుమతి ఎట్లా వస్తుంది? అడిగితే వస్తుంది, అడిగే వేదికలు మనకు ఉన్నాయి. రైల్వేలో శాశ్వత సంప్రదింపుల యంత్రాంగం 1952 నుండి ఉన్నది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ఉమ్మడి సంప్రదింపుల యంత్రాంగం 1966లో ఏర్పడింది. ఆ బల్లల మీదకు జీతభత్యాలే కాక ఇట్లాంటి విషయాలు కూడా వెళ్ళవలెను. రాత్రి వేళ తిరిగే ఏ వాహనం, ఏ ప్రాంగణం, అక్కడ ఎన్ని దీపాలు ఉన్నవి, ఎన్ని వెలుగుతున్నవి అన్నది మన శాఖా కార్యదర్శి లెక్క వ్రాసుకొని, తేదీ వేసి, రసీదుతో ఇవ్వవలెను. తేదీ వేసిన ఆ ఒక్క కాగితం విచారణ నాడు నాల్గవ ప్రశ్న అడుగుతుంది: ఈ చీకటి గురించి మీకు ముందే తెలుసు కదా, ఏమి చేశారు?

నేడు సరుకులు, సంచీలు మోసే వాహనాలలో చాలా వరకు కాంట్రాక్టు మీద వస్తున్నాయి. ఆ వాహనాలు మనవి కావు కదా అని కొందరు అంటారు. వాటిని నడిపే డ్రైవరు నేడు మన సభ్యుడు కాకపోవచ్చు. కాని ఆ వాహనం వెనుక నిలబడి సంచీ అందుకునేది మన మనిషి. కాంట్రాక్టు షరతులలోనే సరియైన రివర్సు దీపాలు ఉండవలెనని మనం కోరవలెను. ఆ డ్రైవరు ప్రాణం, ఉద్యోగం కూడా మన చర్చలోనివే.

చివరగా ఒక మాట. ఎంత మంచి దీపమైనా మనిషికి బదులు కాదు. చేతిదీపంతో ఒక మనిషి ముందు నిలబడి దారి చూపకుండా ఏ షంటింగు డ్రైవరూ బండ్లను వెనుకకు నెట్టడు. రోడ్డు వాహనానికి మాత్రం ఒంటరిగా, చీకటిలో, అద్దం చూసుకుంటూ వెనుకకు రమ్మంటున్నారు. దీపాలు పెట్టాము కదా, ఇక సహాయకుడెందుకు అని ఆ పోస్టును తీసివేయటానికి ఈ దీపాన్ని సాకుగా వాడుకోనివ్వకండి. దీపమూ కావలెను, మనిషీ కావలెను.

కాలివేళ్ళు కోల్పోయిన ఆ సోదరుడు తర్వాత తేలిక పని మీద చాలాకాలం కొనసాగారు. ఒకసారి ఆయన నాతో అన్న మాట ఇది: "చీకటైతే నేను జాగ్రత్తగా ఉండేవాణ్ణి. వెలుగు ఉన్నదని నమ్మి వంగాను." మనం బిగించే ప్రతి దీపాన్ని ఎవరో ఒకరు నమ్ముతారు. ఆ నమ్మకానికి తగినట్లు తీగ వేయండి, ఫ్యూజు పెట్టండి, అనుమతి అడగండి. మీ సందేహాలుంటే ఇప్పుడు అడగవచ్చును. రిలే, తీగలు, మీటరు బల్ల మీద ఉన్నాయి. దగ్గరకు రండి, చేసి చూద్దాం.